సున్నపునేలలో ఆవిరి ఇస్త్రీ

స్టీమ్ ఇస్త్రీ పెట్టెలో మెచ్చుకోవలసిన భాగం పైకి కనిపించదు. నీళ్ల తొట్టికీ వేడి పలకకీ మధ్య ఒక సన్నని కన్నం, దాంట్లో సూదిలాంటి పుల్ల. పైన మర తిప్పితే పుల్ల ఒక్క పిసరు లేస్తుంది. నీళ్లు ధార కట్టకుండా బొట్టుబొట్టుగా కింది గదిలో పడతాయి, పడ్డ బొట్టు పడ్డట్టే ఆవిరైపోతుంది. ఆవిరైతే నీరు సుమారు 1,600 రెట్లు ఉబ్బుతుంది గనుక పంపూ మోటారూ లేకుండానే పలక కన్నాల్లోంచి బుస్సున తన్నుకొస్తుంది.

ఈ బొట్టుకి తగ్గ వేడి పలకలో ఉండాలి. లేకపోతే నీళ్లు నీళ్లుగానే కారి బట్ట మీద మరకవుతాయి. అందుకే వేడి మీట రెండు చుక్కలు దాటాకే ఆవిరి వదలాలి. ఒక చుక్క నైలానుకి, రెండు పట్టుకి, ఉన్నికి, మూడు నూలుకి. ఆ వేడిని కాపలా కాసేది రెండు లోహాలు అతికించిన ఒక రేకు. కాగితే వంగి కరెంటు తెంపుతుంది, చల్లారితే మళ్లీ కలుపుతుంది. మనకి వినిపించే ‘టిక్’ దానిదే. న్యూయార్కులో హెన్రీ సీలీ కరెంటు ఇస్త్రీ పెట్టెకి పేటెంటు తీసుకున్నది 1882లో. కరెంటు వచ్చాక కూడా నీళ్లు చిలకరించే పని చాలాకాలం చేతిదే.

ఇంత నాజూకు పనితనానికి పల్నాడులో గట్టి శత్రువు ఉంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకీ, మాచర్ల సిమెంటుకీ బతుకునిచ్చిన సున్నపురాయే భూమిలోని నీళ్లలోనూ కరిగి ఉంటుంది. కాచిన గిన్నె అడుగున తెల్లగా పేరుకునేది అదే. పెట్టెలో బోరు నీళ్లు పోస్తే ఆవిరి బయటికి పోతుంది, సున్నం లోపలే గడ్డకడుతుంది. కన్నాలు ఒక్కొక్కటే పూడుకుపోతాయి. చివరికి పండక్కని తీసిన తెల్లచొక్కా మీదే పెట్టె బురదరంగు నీళ్లు కక్కుతుంది. తాగడానికి తెప్పించుకునే ఆర్వో టిన్నులోంచి ఓ గ్లాసెడు పోస్తే సరిపోయేదానికి పిసినారితనం దేనికి?

పేరుకున్న పొలుసుని వదిలించే ఉపాయం చాలా పెట్టెల్లో ముందే ఉంటుంది. తొట్టి నింపి, పూర్తిగా వేడెక్కించి, ప్లగ్గు పీకి, సింకు మీద అడ్డంగా పట్టుకుని సెల్ఫ్‌క్లీన్ మీట నొక్కాలి. పుల్ల పూర్తిగా పైకి లేస్తుంది, నీళ్లన్నీ ఒక్కసారిగా గదిలోకి దూకుతాయి, మరిగే నీళ్లతోపాటు తెల్లటి పెచ్చులు రాలతాయి. చేయి కాలకుండా చూసుకోవాలి. పని అయ్యాక మిగిలిన నీళ్లు పారబోయడమూ మరవకూడదు.

కొత్త పెట్టె మొదటి ఆవిరిని పాత తువ్వాలు మీద వదలాలి, లోపలి మడ్డి దానికే అంటుకుంటుంది. 2,000 వాట్ల పెట్టె దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, దాన్ని పవర్ ప్లగ్గుకే పెట్టాలి. ఆవిరి తడికి నూలుపోగు మెత్తబడుతుంది, తడి ఆరిన చోటే మళ్లీ బిగుసుకుంటుంది. కాబట్టి ఆవిరి పట్టాక ఆవిరి లేకుండా ఇంకోసారి రుద్ది, చొక్కాని కాసేపు హ్యాంగరుకి వదిలేయాలి. వెంటనే తొడుక్కుంటే మోచేతి దగ్గర కొత్త ముడతలు పడతాయి.

అయితే కోటప్పకొండ తిరునాళ్లకి గంజిపెట్టిన పంచె కావాలంటే నా ఓటు ఇస్త్రీ బండికే. ఇంట్లో పెట్టె బరువు కిలోన్నర లోపే, బొగ్గుల పెట్టె దానికి మూడు నాలుగింతలు. పంచె అంచుకి కత్తిలాంటి మడత తేవడానికి ఆ బరువే కావాలి.