పదమూ పదార్థమూ: వెస్లియన్ నవరాత్రులు

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, మిడిల్‌టౌన్ అనే పట్టణంలో వెస్లియన్ విశ్వవిద్యాలయం ఉంది. దాని కళాకేంద్రం 1973లో ప్రారంభమయింది. 1970ల నుంచి అక్కడ నవరాత్రి ఉత్సవం జరుపుతున్నారు. కచేరీలు, నృత్యం, ఉపన్యాసాలు, చివర సరస్వతీ పూజ. పూజలో పెట్టడానికి ఎవరి వాద్యాలు, పుస్తకాలు వారు తెచ్చుకోవచ్చు. సాంస్కృతిక వైవిధ్యం పేరిట విశ్వవిద్యాలయాలు జరిపే వేడుకలు చాలావరకు ఒక సాయంత్రంతో ముగుస్తాయి: కాసిని వేషాలు, కాసిని వంటకాలు, బోలెడు చప్పట్లు. వెస్లియన్‌ను ఆ కోవలో చేర్చడం అన్యాయం.

ఎందుకంటే అక్కడ ఉత్సవం కంటే ముందు పాఠం వచ్చింది. 1962లో బాలసరస్వతి అక్కడ నాట్యం నేర్పారు. మరుసటి ఏడు ఆమె తమ్ముడు రంగనాథన్ మృదంగం చెప్పడానికి వెళ్లారు. ఇంకో తమ్ముడు విశ్వనాథన్ 2002లో మరణించేవరకు అక్కడే వేణువు, గాత్రం నేర్పారు. ముగ్గురూ వీణ ధనమ్మాళ్ మనుమలు. ఈ శాఖను నెలకొల్పిన రాబర్ట్ బ్రౌన్, మాంటిల్ హుడ్ శిష్యుడు. రెండు భాషలు వచ్చినట్టే రెండు సంగీతాలు రావాలని 1960లో వాదించిన పండితుడు ఈ హుడ్. ద్విభాషిత్వం అన్న మన శాస్త్రపు మాటే సంగీతంలోకి వెళ్లిందన్నమాట.

నా అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. ఆ వ్యాసంలో హుడ్ దృష్టి చెవి మీద, చేతి మీద, గొంతు మీద ఉంది. మృదంగానికి అది చాలు. క్షేత్రయ్య పదానికి చాలదు. ధనమ్మాళ్ ఇంటికి పేరు తెచ్చినవే ఆ పదాలు. తమిళం ఇంటి భాషగా గల ఆ కుటుంబం తెలుగు పదాన్ని తరతరాలుగా కాపాడింది.

ఒక చిన్న ప్రత్యయం చూడండి. 'చెప్పరా' అంటే ఎదుట పురుషుడున్నాడు. 'చెప్పవే' అంటే చెలికత్తె ఉంది. అభినయించే ఆమె ఎటు తిరగాలో ఆ ఒక్క అక్షరమే నిర్ణయిస్తుంది. తమిళ శ్రోతకు డా, డీ ఉన్నాయి కనుక కొంత అందుతుంది. ఇంగ్లీషులో ఇద్దరికీ ఒకటే సర్వనామం. పైగా భర్తను 'రా' అని పిలవడం మర్యాద కాదనుకునే సమాజంలో, ప్రియుణ్ణి అలా పిలవగల స్త్రీ ఎవరు? ఆమెకు ఆ చనువు ఎక్కడిది? పదంలోని నాటకమంతా అందులో ఉంది. కార్యక్రమ పత్రంలో రాగం, తాళం, రెండు వాక్యాల సారాంశం వేస్తే ఇది దొరకదు. 'దక్షిణ భారత సంగీతం' అనే పెద్ద గొడుగు కింద పాట ఏ భాషదో కూడా మరుగున పడిపోతుంది. వైవిధ్యాన్ని చూపడానికి కట్టిన వేదిక మీద ఒక భాష పేరు లేకుండా పోవడం చిన్న విషయం కాదు.

ఇదంతా అంత దూరపు సంగతేమీ కాదు. చెన్నై, మదురై, బెంగుళూరు కళాశాలల్లో చదివే తెలుగు పిల్లలకు రా, వే తేడా ఎవరూ నేర్పనక్కరలేదు. అమ్మ కోపంలోనే నేర్చుకున్నారు. కాని వారిలో చాలామందికి లిపి రాదు. పాటను తమిళ అక్షరాల్లో రాసుకుని పాడతారు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం. అందుకే సంగీత పుస్తకాల్లో అక్షరం పక్కన 2, 3, 4 అని చిన్న అంకెలు వేస్తారు. తెలివైన ఉపాయమే, కాదనను. అయితే ఆ అంకె పలుకును దిద్దుతుంది, అర్థం జోలికి పోదు. అర్థం ఇంట్లోనే తెలిసిన మన విద్యార్థి కూడా మిడిల్‌టౌన్ విద్యార్థిలాగే ఆ అంకెలు చూసి పాడుతుంటే, ఆ ఇద్దరిలో పరాయివాడెవరని నాకు అనుమానం వస్తుంది. అక్కడివాడికి తెలుగు వినే ఇల్లు లేదు. ఇక్కడివాడికి ఉంది.