పోషక విలువల పట్టికలో పొలముగట్టు ఆకు

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహారపదార్థముల పట్టికలు నిస్సందేహముగా గొప్ప కృషి. దేశమును ఆరు ప్రాంతములుగా విభజించి, 528 పదార్థములను సేకరించి, వానియందలి 151 అంశములను లెక్కగట్టిరి. కూనూరులో పనిచేసిన అయిక్రాయిడ్ 1937లో ప్రకటించిన చిన్న పుస్తకము ప్రక్కన దీని నుంచినచో, ఎనుబదేండ్లలో ఈ శాస్త్ర మెంత దూరము నడచినదో తెలియును. అయితే దానంతట మొలచిన ఆకును ఏరి వండుకొనువారి వైపునుండి చూచినపుడు గ్రంథమున కొన్ని కొరతలు కనబడును. దానిని ఉదాహరించువారియందు అంతకంటె పెద్ద కొరతలు కలవు.

టెక్కలి దాపుననున్న రావివలసను తీసికొందము. ఎండల మల్లికార్జునస్వామి వలన యాత్రికులెల్ల నెరిగిన ఊరు. అట్టి పల్లెలలో వానలు పడగానే గట్లపై పొన్నగంటి, మెరక చేలలో గలిజేరు, పావిలి, చెంచలి మొలచును. వ్యవసాయ గ్రంథములు వీనిని కలుపు మొక్కలనును. ఇల్లాలు కూర యనును. (కలుపుమందు చల్లిన గట్టుపై ఈ రెండు మాటలకు గల తేడా ప్రాణాంతకము కావచ్చును.) నమూనాలు ముఖ్యముగా అంగళ్ళనుండి తెచ్చినవి గనుక పొన్నగంటికి, చింతచిగురునకు పట్టికలో చోటు దొరకినది, సంతకు రాని ఆకులు చాలవరకు వెలుపలనే నిలిచినవి.

అంకెల మాట. నూరు గ్రాముల ఉసిరికాయలో 600 మిల్లీగ్రాముల 'సి' విటమిను కలదని పాత పట్టిక. కొత్త పట్టికలో అది 252 మాత్రమే. మునగాకులోని కాల్షియము 440 నుండి 314కు దిగినది. చెట్టు మారలేదు. కొలుచు పద్ధతులు మారినవి, నేలలు వేరు, నమూనాలు వేరు. అయినను అటవీ ఆహారమును పొగడు వ్యాసములలో నేటికిని పాత అంకెలే, అవి నిన్న కొలచినవైనట్లు, తిరుగుచున్నవి. "పాలకంటె కాల్షియ మెక్కువ" అను వాక్యము వానికి పల్లవి.

ఆ వాక్యము అబద్ధము కాదు, చాలదు. ఆకులో నున్నదంతయు ఒంటికి పట్టదు. 1988లో రాబర్ట్ హీనీ ప్రభృతులు అమెరికాలో పరీక్షింపగా పాలలోని కాల్షియము నూటికి సుమారు 27 పాళ్ళు శరీరములో ఇమిడినది. పాలకూరలోనిది 5 పాళ్ళే. ఆకులోని ఆక్జాలికామ్లము కాల్షియమును పట్టి కరుగని లవణముగా మార్చుటయే ఇందుకు కారణము. పావిలికూరయందును ఆక్జాలికామ్లము మెండు. ఒమేగా-3 క్రొవ్వు ఇంతగా గల ఆకుకూర అరుదని దానిని మెచ్చుకొనువారు ఈ రెండవ సంగతిని చెప్పరు. కొత్త పట్టికలు ఆక్జాలికామ్లమును కూడ, కరుగునది వేరు, కరుగనిది వేరుగా ఇచ్చినవి. ఇది వాని ఘనత. ఆ పుటను తిరుగవేయువారే తక్కువ.

ఉద్దానమున ఇది పండితుల ముచ్చట కాదు. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతములను మూత్రపిండముల జబ్బు పీడించుచున్నది. కారణము నేటికిని తేలలేదు. ఆకుకూరలే కారణమనుటకు ఆధారము లేదు. కాని జబ్బు ముదిరినవారికి పొటాషియము విషతుల్యము; ఆకుకూరలలో అది హెచ్చు. 2023 డిసెంబరులో పలాసయందు మూత్రపిండముల ఆసుపత్రి ప్రారంభమైనది. అచటికి పోవు రోగికిని, వాని ఇంటనే ఉన్న చూలాలికిని ఒకే సలహా పనికిరాదు. చూలాలికి గట్టుమీది ఆకు ఇనుమును, ఫోలేటును ఇచ్చు చౌక తిండి. రోగికి వైద్యుని అడిగి తినవలసినది.

పట్టికల అసలు లోపము ఇచటనే తగులును. అంకెలు పచ్చి ఆకువి. తినునది వండిన కూర. ఎక్కువ నీట ఉడికించి వార్చినచో పొటాషియమును, కరుగు ఆక్జాలికామ్లమును కొంత పోవును. వానితో 'సి' విటమినును, ఫోలేటును పోవును. ఎంతెంత పోవునో పావిలి, గలిజేరు, చెంచలి కూరలకు విడివిడిగా కొలిచి పట్టికలో చేర్చవలెను. ఉడికిన నీటిని పారబోయరాదని పాఠశాలలలో నేర్పుదురు. ఉద్దానములో కొన్ని ఇండ్లకు దానిని పారబోయుమనియే చెప్పవలసియుండును.