గొట్టంలో గాలి

కరోల్‌బాగ్‌లో కాపురముంటే పాడైన వస్తువును పారేయబుద్ధి కాదు. గఫార్ మార్కెట్‌కు పట్టుకెళ్తే నుజ్జయిన ఫోనుకైనా ప్రాణం పోసేవాడు దొరుకుతాడు. మిక్సీ, ఇన్వర్టర్, టుల్లు పంపు... దేనికి కావలసిన మెకానిక్ దానికి ఉన్నాడు. నా దగ్గరున్న ఒక్క సాధనానికి మాత్రం లేడు. అది బారెడు ప్లాస్టిక్ గొట్టం. మోటారు లేదు, తీగ లేదు, తిరిగే ముక్క ఒక్కటీ లేదు. చెడిపోవడానికి అందులో ఏమీ లేదు. అయినా చెడిందంటే, వాడే మనిషి అలవాట్లను పట్టిచూడాలి.

చలికాలంలో ఈ గొట్టంతో కాంజీ తీస్తుంటాను. నల్ల క్యారెట్ ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు నీళ్లలో వేసి జాడీని డాబా మీద ఎండలో పెడితే, కొన్నాళ్లకు పులిసి చిక్కని ఊదారంగుకు తిరుగుతుంది. ఇక్కడివాళ్లు కలిపేసుకుని తాగుతారు. తరవాణి తేటకు అలవాటుపడ్డ నోరు నాది. జాడీ వంచితే అడుగున పేరుకున్న ఆవపిండి మడ్డి పైకి లేస్తుంది. ఈ గొట్టాన్ని సైఫన్‌గా పెడితే మడ్డి కదలదు, తేట మాత్రం సీసాలోకి దిగుతుంది. మా పేటలోనే ఉన్న తిబ్బియా కాలేజీని 1921లో గాంధీజీ ప్రారంభించారు. అక్కడ నేర్పే ఆయుర్వేదంలోని ఆసవాలకూ, అరిష్టాలకూ ఇదే వరస: పులియనివ్వాలి, తేరుకోనివ్వాలి, తేట తీయాలి.

బీరుదీ అదే దారి. కాకపోతే 2009 నాటి ఢిల్లీ ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేస్తే నేరం, కాబట్టి నా గొట్టం కాంజీతోనే సరిపెట్టుకుంటుంది. టెక్సస్‌లో ఉన్న మా అన్నయ్య కొడుక్కి ఆ అడ్డు లేదు. ఇంట్లో బీరు కాచుకోవడానికి అమెరికా ఫెడరల్ చట్టం ఒప్పుకున్నది 1978లో. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే దాదాపు 757 లీటర్ల దాకా, అనుమతి. అమ్మకూడదు, అంతే. వాడు మొన్న వీడియో కాల్ చేశాడు.

"బాబాయ్, సగం దిగాక ఆగిపోతోంది. ఎంత పంపు కొట్టినా బుడగలే. కొత్త సైఫన్ కొనేయనా?"

"కొందువుగాని, ముందు గొట్టం వంపు దగ్గర చూపించరా."

వంపులో గాలి నిలిచి ఉంది. సైఫన్ రోగాల్లో చాలావాటికి మూలం ఆ గాలే. గొట్టం నిండా ద్రవం తెగకుండా ఉన్నంతసేపూ కిందికి జారే బరువు వెనకున్నదాన్ని లాక్కుపోతుంది. మధ్యలో గాలి చేరితే ఆ పట్టు తెగుతుంది. అందుకని మొదట తేల్చుకోవలసింది గాలి ఎక్కణ్ణుంచి వస్తోందో. బుడగ మొదట పుట్టే చోటును కనిపెట్టాలి. అతుకు దగ్గర పుడుతుంటే అక్కడ సందు ఉన్నట్టు. సాగిపోయిన గొట్టం కొసను అంగుళం మేర కోసేసి, వేడినీళ్లలో ముంచి మెత్తబడ్డాక ఎక్కించి, క్లిప్పు బిగిస్తే సరిపోతుంది. చేతిపంపు ఉన్న సైఫన్లలో రబ్బరు వాషర్ ఎండిపోతే గాలి పీలుస్తుంది. వాడేముందు దాన్ని తడపాలి, చిరిగితే మార్చాలి.

అతుకులన్నీ గట్టిగానే ఉన్నా బుడగలు వంపులోనే పుడుతుంటే, అది బయటి గాలి కాదు. బీరులో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ విడివడుతోంది. వంపు ఎంత ఎత్తున ఉంటే లోపల ఒత్తిడి అంత తక్కువ, వాయువుకు అంత వీలు. వంపును తగ్గించి, గొట్టాన్ని వేలితో తడుతూ బుడగను కిందికి తోలాలి. బీరు చల్లగా ఉంటే వాయువు లోపలే ఉంటుంది. బుడగలు లేకుండానే ధార సన్నబడితే మాత్రం మూతిని మడ్డి మూసిందేమో చూడాలి. లేదంటే పై పాత్ర ఖాళీ అయి, కింది పాత్ర నిండి, మట్టాల తేడా తగ్గిపోయి ఉంటుంది. పై పాత్రను ఇంకో మెట్టు ఎక్కిస్తే చాలు.

గాలిని తోడు చేసుకున్న సైఫన్లూ ఉన్నాయి. వనపర్తి దగ్గర సరళాసాగర్ అలాంటిదే. సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు తన తల్లి పేరు పెట్టిన ఆ ప్రాజెక్టు 1959లో పూర్తయింది. జలాశయం నిండగానే పారే నీరే గాలిని వెళ్లగొట్టి సైఫన్లను మొదలుపెడుతుంది. మట్టం దిగాక గాలి దూరి వాటిని ఆపుతుంది. తలుపులెత్తే మనుషులతో పనిలేదు. అంతటి ప్రాజెక్టుకూ 2019 డిసెంబర్ 31న మట్టికట్ట తెగి గండి పడింది. దానంతటదే నడిచే ఏర్పాటు ఉంది కదా అని కట్టను కనిపెట్టుకుని ఉండే మనిషిని వద్దనుకోలేం.

ఇక ఇంటి సైఫన్‌ను నోటితో పీల్చి మొదలుపెట్టే అలవాటు పెట్రోలు దగ్గరే ప్రమాదం, తిండి దగ్గర తప్పు. నోట్లోని బ్యాక్టీరియా సీసా సీసాకూ చేరుతుంది. కాచి చల్లార్చిన నీళ్లతో గొట్టం నింపి, కొసను బొటనవేలితో మూసి దించాలి. ముందొచ్చే నీళ్లు వేరే గ్లాసులోకి పట్టాలి. రెండో కొస కింది పాత్ర అడుగును తాకాలి. పైనుంచి ధార పడితే గాలి కలిసి, కొన్నాళ్లకు బీరుకు తడిసిన అట్టముక్క వాసన వస్తుంది.

ఇక కడగడం. సీసాలు నింపి అలసిపోయిన ఆ పూటే అది జరగాలి. మడ్డి ఎండితే గొట్టం గోడకు అంటుకుని వదలదు. గోరువెచ్చని నీళ్లు పారించి, గొట్టాన్ని నిలువుగా వేలాడదీసి ఆరబెట్టాలి. మా బోరు నీళ్లకు తెల్లటి పొర కడుతుంది, నిమ్మరసం కలిపిన నీళ్లతో అది పోతుంది. బ్రష్ వేసి తోమితే గీతలు పడి, సూక్ష్మజీవులకు అవే ఇళ్లవుతాయి. గట్టి ప్లాస్టిక్ సైఫన్‌ను సలసలా కాగే నీళ్లలో ముంచితే బీటలిస్తుంది. సిలికాన్ గొట్టమైతే తట్టుకుంటుంది.

మావాడి గొట్టం కడిగినా మసకగానే ఉంది, కొసలు బిరుసెక్కాయి.

"పంపు బాగానే ఉంది, ఉంచుకో. గొట్టం ఒక్కటీ మార్చు" అన్నాను.

"మరి పాతది?"

"నీ బాల్కనీలో కరివేపాకు కుండీ ఉందిగా, దానికి నీళ్లు పట్టు. బీరు దగ్గరికి మాత్రం మళ్లీ రానివ్వకు."