మార్కులు వేయని మనిషి

ఈ వారం ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ వెళ్తుంటే వరంగల్ హైవే పక్కన ఓ జూనియర్ కాలేజీ ఫ్లెక్సీ చూసి ఒళ్లు మండింది. ర్యాంకర్ల ఫొటోల కింద ‘ఒత్తిడి లేని చదువు’ అని రాశారు. తెల్లారకముందే పిల్లల్ని లేపి, రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్లలో కూర్చోబెట్టే హాస్టళ్లున్న రోడ్డు మీద ఆ మాట!

2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల గందరగోళం, ఆ రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకోవడం ఎవరం మరిచిపోలేదు. కానీ డిప్రెషన్ ఫలితాల రోజున పుట్టేది కాదు. క్రికెట్ అంటే ఉరికే పిల్లాడు మంచం దిగడు. నిద్ర పట్టదు, తిండి సయించదు. ఈ వయసులో దిగులు చాలాసార్లు కోపంలా బయటపడుతుంది. ఇంట్లో దాన్ని పొగరంటారు. ఇది రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించాల్సిందే.

దీన్ని ముందుగా పసిగట్టేది లెక్చరరేనని ఈ కాలమ్‌లో ఎప్పుడూ వాదిస్తుంటాను. బీహార్‌లోని నలంద జిల్లా ప్రభుత్వ హైస్కూళ్లలో జరిగిన ఒక ప్రయోగం వేరే సంగతి చెబుతోంది. కొన్ని బడుల్లో టీచర్లకు, కొన్నిటిలో బయటి నుంచి తెచ్చిన మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి ఒకే పని అప్పగించారు: గోడపత్రిక నడపడం, పిల్లలు కష్టం రాసి వేసే పెట్టె తెరవడం, ఒక్కొక్కరితో మాట్లాడటం. 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితాలొచ్చాయి. బయటి మనుషులున్న బడుల్లో పిల్లల దిగులు, బెదిరింపులు తగ్గాయి. టీచర్లు చేసినచోట ఫలితం కనిపించలేదు. నాకు తోచే కారణం ఒక్కటే. మార్కులు వేసే మనిషికి ‘సార్, నాకు బతకాలని లేదు’ అని ఏ పిల్ల చెబుతుంది?

చెప్పిన పిల్లను మందలించొద్దు. ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగొచ్చు. అడిగినంత మాత్రాన కొత్తగా ఆ ఆలోచన పుట్టదు. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీమానస్‌లో ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. జబ్బు ముదిరితే కౌన్సెలింగ్‌తోపాటు మందులూ కావాలి. ఫ్లూఆక్సెటిన్ ఈ వయసువాళ్లకు పనిచేస్తుందని రుజువైంది. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో పిల్లను కనిపెట్టుకుని ఉండాలి, మధ్యలో సొంతంగా ఆపకూడదు.

విశాఖలో నీట్‌కు చదువుతూ చనిపోయిన అమ్మాయి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక కౌన్సెలర్ ఉండాలని చెప్పింది. అడ్మిషన్‌కు వెళ్లే అమ్మానాన్నలు ఫీజు రాయితీ కంటే ముందు అడగాల్సింది ఇదే: మీ కౌన్సెలర్ ఎవరు? ఆయన పాఠాలు కూడా చెబుతారా?