ఆమె చెప్పిన మాట ఎవరి సొత్తు?

కేసు షీట్ కూడా ఒక కథనమే. రాసేవారికి ఒక దృష్టికోణం ఉంటుంది. ఎవరిని ముఖ్యపాత్ర చేయాలో, ఏ వాక్యం వదిలేయాలో వాళ్లే నిర్ణయిస్తారు. నవలల మీద డాక్టరేట్ చేసిన నాకు ఈ సంగతి తరగతి గదిలో తెలియలేదు. 2015లో నగరంలోని ఒక డీ ఆడిక్షన్ కేంద్రంలో, మా చిన్నమ్మ పక్కన బెంచీ మీద కూర్చున్నప్పుడు తెలిసింది.

మాది మోమిన్‌పేట్ మండలం. ఇప్పుడు వికారాబాదు జిల్లా, అప్పుడు రంగారెడ్డి. చిన్నమ్మ పత్తి ఏరడానికి, కలుపు తీయడానికి కూలికి పోయేది. సాయంత్రం వచ్చేటప్పుడు కల్లు తాగేది. మా దగ్గర ఇది దాచుకునే సంగతి కాదు. పండుగకీ, చావుకీ, ఒళ్లు నొప్పులకీ ఆడవాళ్లు కల్లు తాగుతారు, దేవతకి సాక పోస్తారు. అయితే ఆమె తాగుతున్నది చెట్టు దిగిన కల్లు కాదు. అల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన మందు కల్లు. అది ఆమెకు తెలియదు. తెలిపే అవసరం ఎవరికీ కనబడలేదు.

ఆ ఏడాది సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లు మీద దాడులు మొదలుపెట్టింది. మందు ఒక్కసారిగా ఆగిపోయేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల్లో మనుషులు వణుకుతూ, ఫిట్స్‌తో, లేనివి కనబడుతున్నాయంటూ ఆస్పత్రులకు వచ్చారు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి వరస కట్టారు. ఇలాంటి మందులు ఏళ్ల తరబడి ఒంట్లోకి పోయాక కొద్దికొద్దిగా తగ్గించాలే తప్ప ఒక్కరోజులో ఆపకూడదని వైద్యానికి ఎప్పటినుంచో తెలుసు. మా చిన్నమ్మకు గాలి సోకిందని ముందు తాయెత్తు కట్టించారు. తర్వాత ఆమె కొడుకూ నేనూ కలిసి నగరానికి తీసుకెళ్లాం. చేర్పించే కాగితం మీద సంతకం పెట్టింది నేనే. ఆమెను అడగాలని నాకు తోచలేదు. స్త్రీల కథల్లో కర్తృత్వం గురించి పేజీలకు పేజీలు రాసిన దాన్ని!

అక్కడి కౌన్సిలర్ చిన్నమ్మాయి. మంచి అమ్మాయే, కసురుకోలేదు. కానీ కొడుకు ముందరే అడిగింది, "ఆడదానివై ఉండి ఎట్ల అలవాటయిందమ్మా?" అని. తర్వాత ఒంటరిగా కూర్చోబెట్టినప్పుడు చిన్నమ్మ ఒక మాట చెప్పింది. కల్లు బాకీ కోసం కమ్మలు కుదువ పెట్టానని, ఇంట్లో తెలియదని. సాయంత్రానికి ఆ మాట కొడుకు చెవిన పడింది. "ఆమె మేలు కోసమే చెప్పాను, కుటుంబ సహకారం కావాలి కదా మేడం" అంది ఆ అమ్మాయి నాతో. ఊరికి తిరిగొచ్చాక కొడుకు ఆసామి దగ్గరికి వెళ్లి తల్లి కూలి తన చేతికే ఇవ్వమని చెప్పి వచ్చాడు. "నా కూలి నా చేతికి రాకుండ చేసిండ్రు బిడ్డా" అని ఆమె ఇప్పటికీ అంటుంది. ఇదంతా రాయనా అని అడిగాను. రాయి, పేర్లు పెట్టకు అంది.

ఆ అమ్మాయిని నిందించి ఊరుకుంటే సరిపోదు. ఆమె చేతికి ఏ కథలు ఇచ్చి పంపించాం?

ప్రపంచమంతా తాగుడు కౌన్సెలింగ్‌కు ఒక మూలగ్రంథంలాంటిది ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ల పుస్తకం. 1939లో వచ్చింది. అందులో భార్యలకు ఉద్దేశించిన ఒక అధ్యాయం ఉంది. భార్యలే తోటి భార్యలతో మాట్లాడుతున్నట్టు సాగుతుంది. రాసింది మాత్రం ఆ సంస్థ స్థాపకుల్లో ఒకరైన బిల్ విల్సన్. ఆయన భార్య లోయిస్ దాన్ని తనే రాస్తాననుకుంది, ఆ అవకాశం రాకపోవడం ఆమెను నొప్పించింది. తాగిన భర్త తాగుబోతు భార్యల గొంతుతో ఓర్పు గురించి బోధించడం కంటే పితృస్వామ్యానికి మంచి ఉదాహరణ నాకు ఏ నవలలోనూ దొరకలేదు. లోయిస్ 1951లో మరో స్త్రీతో కలిసి కుటుంబాల కోసం అల్‌-అనాన్ ప్రారంభించింది. అప్పటికీ ఆ అధ్యాయం అలాగే ఉంది.

తర్వాత వచ్చిన 'కోడిపెండెన్సీ' అనే మాట ఇంకో మెలిక. 1980లలో అమెరికాలో బాగా ప్రచారమైంది. భర్త బాకీ తీర్చే భార్య, అతని తరఫున పనిచోట అబద్ధమాడే భార్య తనే ఒక రోగి అయిపోయింది. ఆ బాకీ తీర్చకపోతే ఇంటి ముందుకు ఎవరు వస్తారో, ఆ అబద్ధమాడకపోతే పొయ్యి ఎలా వెలుగుతుందో ఆ పదానికి పట్టదు. బతకడానికి చేసిన చాకిరీకి రోగం పేరు పెట్టారని అక్కడి స్త్రీవాదులు అప్పుడే విమర్శించారు.

మన దగ్గర కథ వేరుగా మొదలైంది. అక్షరదీపం వాచకంలోని 'సీతమ్మ కథ' చదువుకున్న నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. వాళ్లకీ వాళ్ల మాటకీ మధ్య కౌన్సిలర్ లేదు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలిపోయింది. ఆ ఉద్యమం మనకిచ్చిన ధైర్యం గురించి ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. అయితే దాని నుంచి ఒక స్థిరమైన చిత్రం మిగిలింది. తాగేది మగవాడు, ఏడ్చేదీ తిరగబడేదీ ఆడది. ఆ చిత్రంలో మా చిన్నమ్మకు చోటెక్కడ? ఆమె తాగేది కూడా, కూలి చేసి ఇల్లు నడిపేది కూడా. కౌన్సిలర్ నోట 'ఆడదానివై ఉండి' అన్న మాట ఆ ఖాళీలోంచి వచ్చిందే.

మన సినిమా మరీ అన్యాయం. 1953 నాటి 'దేవదాసు'లో నాయకుడి తాగుడు మనకు విషాద సౌందర్యం. అందులో పార్వతిగా నటించిన సావిత్రి నిజజీవితంలో తాగితే అది ఇంటింటా నీతిపాఠం. 1981లో ఆమె పోయి నాలుగు దశాబ్దాలు దాటినా ఆ చివరి నెలల సంగతులు ఎవరి అనుమతీ లేకుండా చెప్పుకుంటూనే ఉన్నాం. ఆడదాని వ్యసనం అందరి ఆస్తి అనే అలవాటు ఆ కేంద్రం గోడల లోపలికీ నడిచి వచ్చింది.

గోప్యత, సమ్మతి, హాని చేయకపోవడం. ఈ మూడూ ఏ నీతి నియమావళిలోనైనా ఉంటాయి. 2018లో అమల్లోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుపదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తీసుకుంది. గోప్యత రోగి హక్కు అంది. ప్రాణానికో ఇతరులకో ప్రమాదం వంటి కొన్ని మినహాయింపులు పెట్టింది. కుదువ పెట్టిన కమ్మలు ఏ లెక్కన చూసినా ప్రాణాపాయం కిందికి రావు. తన ప్రతినిధిని తనే ఎంచుకునే హక్కు కూడా ఇచ్చింది. ఇక్కడే నాకు అనుమానం. ఆమె ఎవరినీ ఎంచుకోకపోతే, ముందస్తు పత్రంలోనూ ఎవరి పేరూ రాయకపోతే, ఆ స్థానం బంధువుకు పోతుంది. అలాంటి కాగితం ఒకటి రాసుకోవచ్చని మోమిన్‌పేట్‌లో ఎంతమంది కూలి ఆడవాళ్లకు ఎవరు చెప్పారు? బంధువు అంటే కొడుకే. ఆ కొడుకు నుంచే దాచాల్సిన మాట ఉందనుకోండి, అప్పుడు గోప్యత ఎవరి నుంచి?

కౌన్సిలర్ పరిస్థితీ చూడాలి. మూడు నెలలకోసారి వచ్చే గౌరవవేతనం, విడిగా కూర్చోబెట్టడానికి గది లేకపోవడం, సందేహం వస్తే అడగడానికి పైన అనుభవం ఉన్నవారు లేకపోవడం. నాకు పరిచయమైన ఇద్దరు ముగ్గురు ఇదే చెప్పారు. వాళ్లలో ఒకరు తాగుడు మానేసిన మనిషే. తన కథను ప్రతి రోగికీ చెప్పి, అందరి కథా తన కథలాగే ఉందనుకునేవాడు. సొంత అనుభవం బలమే, కానీ ఎదుటి మనిషి మాట వినబడకుండా చేసేదీ అదే. ఊళ్లో అయితే మరీ కష్టం. ఆశా కార్యకర్త మరదలు వరస, సంఘం లీడర్ వదిన వరస. పుస్తకంలో రాసినట్టు అపరిచితులుగా ఉండడం కుదరదు. అందుకే ముందే అడగాలి: "ఈ మాట ఎవరికి చెప్పమంటవ్, ఎవరికి వద్దంటవ్?" కేసు షీట్‌లో ఆ జవాబుకు ఒక గడి ఉండాలి. అది లేని షీట్లే నేను చూశాను. ఆదాయం, అలవాటు, 'కుటుంబ సహకారం ఉన్నదా' అనే గడులు మాత్రం ఉన్నాయి. చిన్నమ్మ షీట్‌లో ఆ చివరి గడిలో 'కొడుకు, ఉంది' అని రాశారు.

2021 జనవరిలో మా పక్కనే నవాబుపేట, వికారాబాదు మండలాల్లో కల్లు తాగి వందమందికి పైగా ఆస్పత్రుల పాలయ్యారు. 2025 జులైలో కూకట్‌పల్లిలో ప్రాణాలే పోయాయి. ప్రతిసారీ శాంపిళ్లు తీస్తారు, దుకాణాలు మూస్తారు. మూసిన మర్నాడు వణికే ఒళ్లను ఎవరు చూసుకుంటారో, ఆ ఒళ్లలో ఆడవాళ్లవి ఎన్నో, వాళ్లు చెప్పుకున్న మాటలు ఎక్కడికి పోయాయో వార్తల్లో ఉండదు.

పోయిన పత్తి సీజన్‌లో కూడా చిన్నమ్మ కూలి కొడుకు చేతికే వెళ్లింది. కమ్మలు విడిపించారు. అవి కోడలి దగ్గర ఉన్నాయి.