కుట్టు ఉన్నదే పుస్తకం

తెలంగాణలో భూమి తగాదా కాస్త ముదిరిందంటే చివరికి 1954-55 నాటి ఖాస్రా పహాణీ దగ్గరికే చేరుతుంది. అది వేములపల్లిలో మాగాణి అయినా, కోదాడ పక్కన చెలక అయినా వకీలు దాని నకలు తెమ్మంటాడు. ఏడు దశాబ్దాల కిందట చేత్తో రాసి, కుట్టి, అట్ట వేసి దాచిన రిజిస్టరు అది. 2020లో ధరణి వచ్చి లెక్కలు కంప్యూటరు ఎక్కినా, అనుమానం తగిలితే జనం మళ్లీ ఆ పాత కాగితాన్నే వెతుక్కుంటున్నారు. అందులో ఎవరి పేరు ఉందో అందరికీ కావాలి. ఆకులు చెదరకుండా, వరస తప్పకుండా పట్టి ఉంచిన కుట్టు ఎవరిదో ఎవరికీ అక్కర్లేదు.

ఈ ప్రాంతంలో కుట్టుపనికి ఒకప్పుడు కొదవ లేదు. మిర్యాలగూడ రైసు మిల్లుల ఊరు; సూర్యాపేట వర్తకుల ఊరు. చిట్టా, ఆవర్జా అంటూ ఎర్రబట్ట అట్టల పద్దు పుస్తకాలు గద్దె పక్కన దొంతరగా ఉండేవి. దీపావళికి లక్ష్మీపూజలో కొత్త పుస్తకానికి పసుపూ కుంకుమా పెట్టి మొదటి పద్దు రాసేవారు. ఇప్పుడు పద్దు ట్యాలీలో పడుతోంది. జిరాక్సు సెంటరువాళ్లు ఏది ఇచ్చినా ఐదు నిమిషాల్లో స్పైరల్ తొడిగి చేతిలో పెడుతున్నారు. కుట్టించుకునే వారు తగ్గారు గానీ, కుట్టు చేసే పనికి బదులు మాత్రం ఇంకా దొరకలేదు. కుట్టిన పుస్తకాన్ని విప్పి, బాగుచేసి, మళ్లీ కట్టవచ్చు. ఈ ఒక్క గుణం కోసమే ఈ విద్య నిలవాలి.

కుట్టులో కిటుకు

అచ్చాఫీసు లెక్కలో ఫారం అంటే సాధారణంగా పదహారు పేజీలు. పెద్ద కాగితాన్ని మూడుసార్లు మడిస్తే ఎనిమిది ఆకులు వస్తాయి. ఇంట్లో నోటుపుస్తకం కట్టుకునేవారికి ఇంకా తేలిక. నాలుగు కాగితాలను ఒకదానిపై ఒకటి పేర్చి మధ్యకు మడిస్తే ఒక ఫారం. అలాంటివి ఎనిమిదైతే 128 పేజీల పుస్తకం.

మడిచే ముందు కాగితంలో నార ఎటు పరుచుకుందో చూడాలి. మిల్లు కాగితంలో నార యంత్రం నడిచిన దిక్కుకే పడుకుంటుంది. ఆ దిక్కున చింపితే తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా చింపితే వంకరలు పోతుంది. పుస్తకంలో నార వెన్నుకు సమాంతరంగానే ఉండాలి. అడ్డం పడిందా, తడి తగలగానే అట్ట వంగిపోతుంది, ఎంత బరువు పెట్టినా పుస్తకం సరిగా మూసుకోదు. చేతికాగితానికి ఈ బాధ లేదు. జల్లెడ మీద గుజ్జును నాలుగు వైపులా కదిలించి పరుస్తారు కాబట్టి నార అన్ని దిక్కులకూ అల్లుకుంటుంది.

ఫారాలన్నిటికీ మడత మీద ఒకే చోట రంధ్రాలు పొడవాలి. నూలు దారానికి తేనెమైనం రుద్దితే చిక్కుపడదు, ముడి జారదు. సూది ఫారం లోపలికి వెళ్లి బయటికొచ్చి, వెన్నుకు అడ్డంగా పెట్టిన నాడాను చుట్టి మళ్లీ లోపలికి పోతుంది. కొస రంధ్రం దగ్గర పై ఫారాన్ని కింది ఫారం దారంలోకి తగిలించి ముడి బిగించాలి. పుస్తకం ఆయుష్షు అక్కడే తేలిపోతుంది. దారాన్ని ఎప్పుడూ మడత వెంబడే లాగాలి; పైకి లాగితే కాగితం తెగుతుంది. నాడా లేకుండా ఫారానికీ ఫారానికీ గొలుసుకుట్టు వేసే పద్ధతి ఈజిప్టులోని కాప్టిక్ క్రైస్తవుల నుంచి వచ్చింది. అలా కుట్టినది ఏ పేజీ దగ్గర తెరిచినా బల్ల మీద చదునుగా పరుచుకుంటుంది. బొమ్మలు వేసుకునేవారికి, ఏవైనా అంటించుకునేవారికి అదే అనువైనది.

కుట్టు అయ్యాక వెన్నుకు జిగురు పూసి, పల్చని నూలుగుడ్డ అంటించి, బరువు కింద రాత్రంతా ఉంచుతారు. ఆపైన అంచులు కోసి అట్టలు ఎక్కిస్తారు. అట్టకూ వెన్నుకూ నడుమ మూడు అగ్గిపుల్లల మందం సందు వదలాలి. అది లేకపోతే అట్ట తెరిచినప్పుడల్లా మొదటి ఆకు మీద లాగుడు పడుతుంది.

ఇవాళ దుకాణాల్లో దొరికే అట్ట పుస్తకాల్లో చాలావాటికి కుట్టు లేదు. ఫారాల మడతలు కోసేసి, విడి ఆకుల అంచుకు వేడి జిగురు పూసి అట్ట తగిలిస్తారు. కొన్నేళ్లకు జిగురు ఎండి పెళుసవుతుంది, ఆకులు రాలతాయి. మడతే లేదు కాబట్టి మళ్లీ కుట్టడానికి చోటుండదు. పక్క నుంచి పొడిచి కుడితే మార్జిన్ పోయి, పంక్తుల మొదళ్లు లోపల దాక్కుంటాయి.

కాలువ కింద దొరికే సరుకు

ఈ పనికి కావలసిన వాటిలో సగం సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోనే ఉన్నాయి. మొదటిది పిండి. ఒక వంతు మైదాకు ఐదారు వంతుల నీళ్లు పోసి, ఉండలు కట్టకుండా కలుపుతూ నిగనిగలాడేదాకా ఉడికిస్తే లై తయారు. బియ్యప్పిండితోనూ చేసుకోవచ్చు. పురుగు పట్టకుండా పాతకాలపు బైండర్లు ఇందులో చిటికెడు మైలుతుత్తం వేసేవారు. అది విషం, పైగా అందులోని రాగి కాగితానికి చేటు. ఇళ్లలో, బడుల్లో వాడొద్దు. ఏ రోజు లై ఆ రోజు చేసుకుంటే సరిపోతుంది. ఫెవికాల్ కంటే దీనికే పుస్తకాలు బాగుచేసే నిపుణులు ఓటు వేస్తారు. ఎందుకంటే లైతో అంటించినది తడిపితే ఊడివస్తుంది. రేపు మరొకరు మరమ్మతు చేయాలంటే కాగితం చింపనక్కర్లేదు.

రెండోది వరిగడ్డి. గడ్డిని చిన్నగా నరికి నానబెట్టి, చాకలి సోడాతో మెత్తబడేదాకా ఉడికించి, కడిగి దంచితే గుజ్జవుతుంది. గడ్డినార పొట్టిది, దానితో మాత్రమే చేసిన కాగితం పెళుసుగా ఉంటుంది. పాత నూలుబట్టల గుజ్జు కలిపితే గట్టిపడుతుంది. ఆ గుజ్జును నీటి తొట్టిలో కలిపి, చట్రానికి బిగించిన జాలితో ఎత్తి, గుడ్డ మీద బోర్లించి, నొక్కి ఆరబెడితే లేత పసుపు రంగు కాగితం వస్తుంది. కోతల తర్వాత పొలాల్లో తగలబెట్టే గడ్డిలో గంపెడు చాలు, బడిపిల్లలు సరదాగా చేసి చూడటానికి.

చేతికాగితం తెలంగాణకు కొత్త కాదు. కోరుట్లలో తయారైన ముతక కాగితం మీద నిజాం కాలపు పట్వారీలు లెక్కలు రాసేవారు. 1934లో గాంధీజీ వార్ధాలో పెట్టిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం చేతికాగితాన్నీ తన పనుల్లో చేర్చుకుంది. ఆ సంఘాన్ని నడిపిన కుమారప్ప పేరుమీదే ఇవాళ జైపూర్ దగ్గరి సాంగానేర్‌లో జాతీయ చేతికాగితం సంస్థ ఉంది.

చింపి కుట్టిన సాహిత్యం

తెలుగిళ్లలో బైండింగుకు మరో చరిత్ర ఉంది. అది ఎక్కువగా ఆడవాళ్లు నడిపినది. వారపత్రికలో సీరియల్ వస్తుంటే వారంవారం ఆ పేజీలు జాగ్రత్తగా చింపి, వరసలో పెట్టి, కథ ముగిశాక బైండరుకు ఇచ్చేవారు. కొందరు ఇంట్లోనే దబ్బనంతో కుట్టుకునేవారు. ఆ పుస్తకం వీధంతా చేతులు మారేది. నవల తర్వాత పుస్తకంగా అచ్చయినా పత్రికలో వేసిన బొమ్మలు చాలాసార్లు అందులోకి రాలేదు. బాపు సీరియళ్లకు వేసిన బొమ్మల కోసం ఇప్పుడు వెతికేవాళ్లు పట్టుకునేది ఈ ఇంటి బైండులనే. 1947 జులైలో మొదలైన చందమామ పాత సంచికలు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయంటే పన్నెండు నెలలవీ కలిపి కుట్టించిన తాతల పుణ్యమే. 1901లో హైదరాబాదులో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాల్లో పాత పత్రికలు పరిశోధకుల చేతికి అందుతున్నాయంటే అక్కడా బైండు సంపుటాలే కారణం.

కాగితం, మెంతులు, ఇక్కత్తు

పుస్తకం కట్టడం వచ్చినవాళ్ల చెయ్యి అక్కడితో ఆగదు. అట్ట మీదికీ, లోపలి ఆకుల మీదికీ పోతుంది. రకరకాల సామగ్రి కలిపి కాగితంతో చేసే పనిని ఇప్పుడు మిక్స్‌డ్ మీడియా అంటున్నారు. మన అమ్మమ్మలకు అది తెలిసిందే. పాత కాగితాలు నానబెట్టి, మెంతులు రుబ్బి కలిపి, ఆ గుజ్జును చాటలకూ గంపలకూ మెత్తేవారు. నానిన మెంతుల్లోని బంక గుజ్జును పట్టి ఉంచుతుంది, సందులు పూడుతాయి, పిండి రాలదు. అదే మెంతుల బంకను అబ్రీ కాగితం చేసేవారు మరో తీరుగా వాడుకున్నారు. చిక్కబడిన నీటి మీద రంగు చుక్కలు తేలించి, దువ్వెనతో గీసి, కాగితం పరిచి ఎత్తితే అలలు అలలుగా అచ్చు పడుతుంది. 17వ శతాబ్దంలో బీజాపూరు చిత్రకారులు ఈ పద్ధతితో బొమ్మలే గీశారు. అందులో బక్కచిక్కిన గుర్రం బొమ్మ ఒకటి న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఇంట్లో చేయాలంటే కిరోసిన్‌తో పల్చన చేసిన ఆయిల్ పెయింటు రెండు చుక్కలు బేసిన్ నీళ్ల మీద వేస్తే చాలు. ఏ రెండు కాగితాలూ ఒకేలా రావు. అట్ట లోపల అంటించే ఆకుకు ఇంతకన్నా అందమైనది దొరకదు.

అట్ట మీదికి పాత నల్లగొండ జిల్లా సొత్తు ఉండనే ఉంది. పోచంపల్లి, పుట్టపాక మగ్గాల ఇక్కత్తు బట్టలు కుట్టాక దర్జీ దగ్గర మిగిలే పీలికలు నోటుపుస్తకానికి సరిగ్గా సరిపోతాయి. గుడ్డను నేరుగా అట్టకు అంటిస్తే జిగురు నేత సందుల్లోంచి ఊరి మరక కడుతుంది. ముందుగా గుడ్డ వెనక పల్చని కాగితాన్ని లైతో అంటించి ఆరనివ్వాలి. ఆ తర్వాత మూలలు ఏటవాలుగా కోసి, మడిచి అట్టకు ఎక్కించాలి. పెళ్లిపత్రికల వెనక వైపు, క్యాలెండరు బొమ్మలు, చీర అంచు, ఎండిన రావి ఆకు, ఏదైనా ఇందులో ఇమిడిపోతుంది.

ఇక చేయవలసిన పని. జూన్‌లో బళ్లు తెరిచే ముందు పిల్లల పాత నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలు తీసి ఒక రఫ్ నోటు వాళ్ల చేతే కుట్టించండి. సూది, దారం, గరిటెడు లై, ఒక మధ్యాహ్నం చాలు. ఆకులు ఊడిన పెద్దబాలశిక్షో, తాత రాసుకున్న డైరీయో ఇంట్లో ఉంటే జిరాక్సు సెంటరులో స్పైరల్ తొడిగించకండి. మిర్యాలగూడలోనో సూర్యాపేటలోనో కుట్టు తెలిసిన బైండరును వెతికి, ఫారాలు విప్పి మళ్లీ కుట్టమని చెప్పండి, అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి. ఏడాదిలో పారేసే రిపోర్టుకు స్పైరల్ చాలు. మనవల దాకా చేరాల్సినదానికి కుట్టు కావాలి.