చుక్కల లెక్క

మా ల్యాబ్‌లో పగుళ్ల పని పెయింటు డబ్బాతో మొదలవుతుంది. అల్యూమినియం పలకకు పల్చగా తెల్లరంగు వేసి ఆరనిచ్చి, నల్లరంగు స్ప్రే డబ్బాను కాస్త ఎడంగా పట్టుకుని సగమే నొక్కుతాం. తుంపర వాలి, పలక గిన్నెకోడి ఈకలా తేలాలి. ఒక్కో చుక్క కెమెరాలో 3 నుంచి 5 పిక్సెళ్లుంటే మేలు. మరీ సన్నవైతే కెమెరా పట్టలేదు, లావైతే పగులు పక్కన జరిగే చిన్న కదలికలు చేజారతాయి. కొత్తగా చేరిన పిల్లలు సాఫ్ట్‌వేర్ నేర్పమంటారు. నేను ముందు డబ్బా చేతికిస్తాను.

చుక్కల ఫొటోలతో కదలికను కొలిచే ఈ పద్ధతి పేరు డిజిటల్ ఇమేజ్ కోరిలేషన్. 1980ల మొదట్లో అమెరికాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో రూపు కట్టింది. పలకను లాగకముందు ఒక ఫొటో, లాగుతూ మరికొన్ని. మొదటి ఫొటోలోని చిన్న గడిని దాని చుక్కల తీరును బట్టి మిగతావాటిలో వెతికి, ఎంత జరిగిందో లెక్కగడతారు. అన్నీ కుదిరితే పిక్సెల్‌లో నూరో వంతు కదలికా దొరుకుతుంది.

చిక్కల్లా పగులు దగ్గరే. గడి సరిగ్గా దాని మీద పడిందా, సగం అటు, సగం ఇటు పోయి పోలిక చెడిపోతుంది. అందుకే పగులును వదిలేసి దాని ఇరుపక్కల చుక్కలను పట్టుకోవాలి. పగులు కొస ఎక్కడుందో కూడా చుట్టుపక్కల కదలికలే చెబుతాయి.

1970లో వోల్ఫ్ ఎల్బర్ అనే పరిశోధకుడు పగుళ్ల గురించి ఒక విచిత్రం బయటపెట్టాడు. పదేపదే లాగి వదిలే లోహంలో, లోడ్ పూర్తిగా సున్నాకు రాకముందే పగులు మూసుకుపోతుంది. పగులు దాటివచ్చిన దారిలో సాగి మిగిలిన లోహం అంచులను ముందే కలిపేస్తుంది. అంటే, వేసిన లోడంతా పగులును పెంచడానికి పోదు, అది తెరుచుకుని ఉన్న మేరకే పోతుంది. పగులుకు అటొక చుక్క, ఇటొక చుక్క ఎంచుకుని, లోడ్ పెరిగేకొద్దీ వాటి ఎడం ఎలా మారిందో గీస్తే, గీత వంగే చోట పగులు తెరుచుకున్న సంగతి కనబడుతుంది. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన గీత అదే.

నచ్చనివి కదలికలను చూపే రంగురంగుల పటాలు. ఎలాంటి ఫొటోలు పెట్టినా సాఫ్ట్‌వేర్ ఏదో ఒక బొమ్మ వేసిపెడుతుంది. కెమెరా ఒక్కటే ఉంటే, పలక దానివైపు రవ్వంత జరిగినా సాగినట్టే చూపిస్తుంది. లైటు వేడికి గాలి అల్లాడినా చుక్కలు కదిలినట్టే. ఎవరైనా అలాంటి పటం మీ ముందు పెడితే ఒక్కటే అడగండి: లోడ్ వేయకుండా వెంటవెంటనే తీసిన రెండు ఫొటోల మధ్య ఎంత కదలిక వచ్చింది? ఆ అంకె చెప్పలేకపోతే పటాన్ని నమ్మొద్దు.